కీళ్లవాతానికి డాక్టర్ని వెతుక్కుంటున్న నా తల్లికి

తల్లీ,

నీ రిపోర్టులు వాట్సాప్‌లో చూశాను. ఈ జబ్బుని పట్టే రక్తపరీక్ష యాంటీ సీసీపీ అంత ఎక్కువ రావడం, రెండు చేతుల కణుపులూ వాచడం, పొద్దున్న లేస్తే గంటసేపు వేళ్లు బిగుసుకుపోవడం, ఇవన్నీ చూస్తే ఇది కీళ్లవాతమేనని (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఆ ఫిజీషియన్ చెప్పింది నిజమే అనిపిస్తోంది. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. నువ్వేమో "మంచి డాక్టర్ పేరు ఒకటి చెప్పు పెద్దమ్మా, చాలు" అంటున్నావు. పేరు చెప్పొచ్చు గానీ, ఇది వారంలో తగ్గిపోయే జ్వరం కాదు కదా. ఏళ్ల తరబడి ఒక డాక్టర్ చేతిలో ఉండాలి. నాకు నప్పిన డాక్టర్ నీకూ నప్పాలని లేదు, అందుకే ఎవరు సరైనవాళ్లో నీకు నువ్వే తెలుసుకునేలా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కీళ్లనొప్పి అనగానే మనవాళ్లందరూ ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు. ఎముక విరిగినా, మోకాలు అరిగిపోయి మార్చాల్సి వచ్చినా ఆయనే కావాలి. నీ జబ్బు వేరు, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే తిరగబడి మన కీళ్ల మీద పడుతుంది. దీన్ని చూడాల్సింది రుమటాలజిస్ట్. బోర్డు మీద "కీళ్లనొప్పుల స్పెషలిస్ట్" అని ఉంటే సరిపోదు, పేరు పక్కన రుమటాలజీలో డీఎం గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా అని చూడు. మొహమాటం లేకుండా రిసెప్షన్‌లో అడుగు. ఆలస్యం మాత్రం చేయకు. వాపు తగ్గించవచ్చు గానీ, ఒకసారి వంకర తిరిగిన వేలిని ఏ మందూ వెనక్కి తేలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు గమనించాల్సింది ఇది. నీ చేతులు పట్టుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశారా, లేక కాగితాలు చూసి మందులు రాసేశారా? పొద్దున్న ఎంతసేపు బిగుసుకుంటోంది, సీసా మూత తిప్పగలుగుతున్నావా, జుట్టు ముడి వేసుకోగలుగుతున్నావా అని అడిగారా? నీకు పెళ్లయి ఏడాదే అయింది, పిల్లల సంగతి అడగాలి. ఎందుకంటే ఈ జబ్బుకి ఎక్కువగా మొదట రాసే మెథోట్రెక్సేట్ గర్భంలో బిడ్డకి హాని చేస్తుంది, పిల్లలు కావాలనుకుంటే నెలల ముందే ఆపి వేరే మందుకి మారాలి. ఆ మాట నువ్వు ఎత్తకముందే వాళ్లే ఎత్తితే ఆ డాక్టర్ మీద నాకు సగం నమ్మకం కుదిరినట్టే. అడగకపోతే నువ్వే చెప్పు, అల్లుడి ముందైనా సరే, సిగ్గుపడే విషయం కాదు.

ఇంకోటి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మంచి డాక్టర్ చీటీ మీద వారం పేరు రాసి, దానికింద గీత గీసి, దానికి తోడుగా ఇచ్చే విటమిన్ బిళ్ల, ఫోలిక్ యాసిడ్, ఏ రోజు వేసుకోవాలో నీతో తిరిగి చెప్పిస్తారు. మొదలుపెట్టే ముందు రక్తకణాలు, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు, తర్వాత కూడా వాటిని మళ్లీ మళ్లీ చేయిస్తారు. టెస్టులు రాశారంటే డబ్బు గుంజుతున్నారని అనుకోకు. ఈ మందు వేసి అసలు టెస్టులే అడగని డాక్టరుంటే అప్పుడు భయపడాలి.

స్టెరాయిడ్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. మొదట్లో నేనొక క్లినిక్‌కి వెళ్లేదాన్ని, వెళ్లిన ప్రతిసారీ ఇంజెక్షన్ ఇచ్చేవారు, మర్నాటికి నొప్పి మాయం. వీధి వీధంతా ఆయన్ని దేవుడనేది. ఏ మందు ఇస్తున్నారని అడిగితే "మీకెందుకమ్మా" అన్నారు, ఆ మాటతో మళ్లీ వెళ్లలేదు. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, అసలు మందు పనిచేసేదాకా తక్కువ మోతాదులో కొన్నాళ్లు ఇవ్వడం మామూలే. ఎన్నాళ్లు వాడాలి, ఎలా తగ్గించాలి అన్నది చెప్పకుండా ఇస్తూ పోతే షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. భయమేసి నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే నాటు మందుల్లోనూ ఇదే కలిపే వాళ్లున్నారు, మీ అత్తగారు ప్రేమతో తెచ్చిచ్చినా వేసుకోవద్దు.

చాలామంది ఒక నెల చూసి నొప్పి తగ్గలేదని డాక్టర్ని మార్చేస్తారు. కొత్తాయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఈ మందులు పనిచేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది తల్లీ, అది మందు స్వభావం, డాక్టర్ తప్పు కాదు. ఆ లోపు నొప్పి భరించలేకపోతే ఆయనకే చెప్పు, మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగకు, కిడ్నీలు పాడవుతాయి. మార్చాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. మూడు నాలుగు నెలలైనా వాపు అలాగే ఉండి చీటీ మాత్రం మారకపోతే, ప్రశ్న అడిగితే కసురుకుంటే, ఇంకొకరి సలహా తీసుకుంటానంటే మొహం మాడ్చుకుంటే, అప్పుడు ఫైలు పట్టుకుని వచ్చేయ్.

విశాఖలో నువ్వుండేది మధురవాడ కాబట్టి ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ముందు చూడు, రామ్‌నగర్, మహారాణిపేట దాకా రావడం తర్వాత సంగతి. వాచిన కాళ్లతో మద్దిలపాలెం ట్రాఫిక్ దాటి రావాలంటే నాలుగోసారికి నువ్వే మానేస్తావు. డబ్బు ఇబ్బంది అయితే కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఆసుపత్రి, 1923 నుంచి శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా జనానికి కూడా అదే దిక్కు. రద్దీ బాగా ఉంటుంది, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోవాలి, ప్రతిసారీ అదే డాక్టర్ దొరక్కపోవచ్చు. అందుకే తేదీల వారీగా రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకో, చూసేవాళ్లు మారినా వైద్యం దారి తప్పదు. కంపెనీ పేరు కాకుండా మందుల అసలు పేరు (జెనరిక్) రాయించుకుంటే జన ఔషధి షాపులో చాలా తక్కువకి వస్తాయి.

డాక్టర్ దగ్గర్నుంచి వచ్చేముందు ఒక సంగతి తప్పకుండా కనుక్కో: మధ్యలో జ్వరం వచ్చినా, నోట్లో పుళ్లు పడినా, పొడిదగ్గుతో ఆయాసం వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలి? నంబర్ ఇచ్చి, అవతల ఎవరో ఒకరు ఎత్తే చోటే నీకు కావాలి. అపాయింట్‌మెంట్ దొరికాక తేదీ చెప్పు, అల్లుడికి సెలవు లేకపోతే గాజువాక నుంచి నేనే వచ్చి నీతో లోపల కూర్చుంటాను.

మీ పెద్దమ్మ