కత్తి కొనే ముందు అల్లుడికి నాలుగు మాటలు

చి. సందీప్‌కి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొందామనుకుంటున్న పాత జపాన్ కత్తి ఫోటోలు చూశాను. నల్లటి ఒర, తాడు అల్లిన పిడి, వాదర పొడవునా తెల్లటి అలలు. మనసు లాగుతుంది, కాదనను. కానీ ఇప్పుడే డబ్బు కట్టకు. కత్తి గురించి అసలు సంగతి చెప్పేది పిడి లోపల దాగిన భాగం. దాన్ని నకాగో అంటారు. ఆ అమ్మేవాడు దాని ఫోటో ఒక్కటి కూడా పెట్టలేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, జపాన్ వచ్చిన మూడో ఏడు నేను ఒక పాత సామాన్ల సంతలో వకిజాషి అనే పొట్టి కత్తి కొన్నాను. వెదురు మేకు తీసి పిడి ఊడదీస్తే లోపలంతా నల్లటి తుప్పు. అమ్మ ఇత్తడి బిందెల్ని చింతపండుతో తళతళలాడించడం చూస్తూ పెరిగినవాణ్ణి. తుప్పంటే వదిలించాల్సిన మురికే అనుకున్నాను. రెండు రోజులు గరుకు కాగితంతో రుద్ది తెల్లగా చేశాను. తర్వాత, కత్తులు తెలిసిన ఒక పెద్దాయనకు చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తుప్పే కత్తి వయసుకు సాక్ష్యం. అంత నున్నటి నలుపు తేలడానికి వందల ఏళ్ళు పడుతుంది. కమ్మరి ఆకురాయితో గీసిన గీతలు ఎటు వాలాయో చూసి అతను ఏ సంప్రదాయం వాడో పోల్చుకుంటారు. ఆ ఆనవాళ్ళన్నీ నా చేత్తో నేనే చెరిపేశాను. ఆ కత్తి బయటికి తీసినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నువ్వు నకాగో మీద నూనె గుడ్డ కూడా గట్టిగా రుద్దొద్దు. అలుగు, అంటే పిడి బయట కనిపించే కత్తి భాగం, దాని మీద మచ్చలు కనిపించినా సొంతంగా సానపట్టొద్దు. ఆ పని ఏళ్ళ తరబడి నేర్చుకున్న తొగిషి, అంటే కత్తులు సానపట్టేవాడు, చేయాలి. సానపట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది, అది మళ్ళీ రాదు.

ముందు కన్ను అలవాటు పడాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తుల్ని నిటారుగా నిలబడి చూసి వచ్చేశాం గుర్తుందా? అలా చూస్తే ఏమీ కనపడదు. మోకాళ్ళు కొంచెం వంచి, దీపం వెలుగు అలుగు మీద జారేదాకా తల అటూ ఇటూ కదపాలి. అప్పుడు వాదర వెంట పొగమంచు లాంటి గీత లేస్తుంది. అదే హమోన్. కాల్చే ముందు వాదర వైపు మట్టి పల్చగా, వెన్ను వైపు మందంగా పూస్తారు. నీటిలో ముంచగానే వాదర త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వెన్ను కొంత మెత్తగా ఉండిపోతుంది. ఆ రెండింటి హద్దే నువ్వు చూసేది. యాసిడ్‌తో గీసిన నకిలీ గీతకు ఆ లోతు ఉండదు. పది మంచి కత్తులు చూస్తే తేడా నీకే తెలుస్తుంది. నాగోయాలో ఉన్నావు, అదృష్టం. అత్సుతా జింగూ ఆలయ ఆవరణలో 2021లో తెరిచిన కుసనాగి-కాన్ అనే కత్తుల ప్రదర్శనశాల ఉంది, తొకుగావా మ్యూజియం ఉంది. పాత కమ్మరి సంప్రదాయాలు ఐదింటిలో ఒకటైన మినోకు పేరు తెచ్చిన సెకి ఊరు పక్క జిల్లాలోనే. టోక్యో వెళ్తే ర్యోగోకులోని కత్తుల మ్యూజియం మానకు. ఒక ఏడాది ఇలా తిరుగు.

కాగితాల దగ్గర కొత్తవాళ్ళు పొరపడతారు. కత్తితో వచ్చే టోరోకుషో జిల్లా విద్యా మండలి ఇచ్చే రిజిస్ట్రేషన్ మాత్రమే. పొడవు, వంపు, మేకు రంధ్రాలు, సంతకం అందులో రాసి ఉంటాయి. వాటిని కత్తితో సరిచూసుకో. కొన్న 20 రోజుల్లోగా పేరు మార్పు తెలపాలి. కానీ సంతకం అసలుదని అది చెప్పదు. 17వ శతాబ్దపు కమ్మరి నగసోనె కోతెత్సు పేరు చెక్కిన దొంగ సంతకాలకు లెక్కే లేదు. సంతకం సంగతి తేల్చేది 1948లో ఏర్పడిన జపాన్ కళా ఖడ్గాల పరిరక్షణ సంఘం (ఎన్‌బీటీహెచ్‌కే) ఇచ్చే పత్రం. అందులో హోజోన్ మొదటి మెట్టు, నీకు అది చాలు.

మొదటిది టాంటో కావాలన్నావు. ఒక షాకు, అంటే 30.3 సెంటీమీటర్ల లోపు బాకు. చేతిలో ఇమిడిపోతుంది, పనితనమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఆ ఇష్టం నాకూ ఉంది. కానీ మంచి పాత టాంటో ఖరీదు. అదే డబ్బుకు రెండు షాకుల లోపు వకిజాషి అయితే ఇంకా మంచి పని దొరుకుతుంది. ఏది కొన్నా వాదరకు అడ్డంగా వెంట్రుకంత చీలిక ఉందేమో చూడు. దాన్ని హగిరె అంటారు. ఏ సానా దాన్ని బాగుచేయలేదు. అది కనపడితే ఎంత చవకైనా వద్దు.

ఇంటికొచ్చాక ఒర నుంచి తీసేటప్పుడు వాదర పైకి ఉండాలి. అలుగును వేలితో తాకకు, దాని మీదుగా మాట్లాడకు. తుంపర పడినా తుప్పే. కొన్ని నెలలకోసారి పాత నూనె మెత్తటి కాగితంతో తుడిచి, పల్చగా కొత్తది రాయి.

ఇండియా తీసుకెళ్తానని మీ నాన్నకు మాటిచ్చావట. అక్కడ 1959 ఆయుధాల చట్టం కత్తులకూ వర్తిస్తుంది. ఇక్కడి నుంచి పంపాలన్నా సాంస్కృతిక వ్యవహారాల శాఖ కాగితం కావాలి. రెండు వైపులా అడిగి తెలుసుకునేదాకా టికెట్ కొనకు.

ఇవాళ ఆ అమ్మేవాడికి రాయి. నకాగో రెండు వైపులా ఫోటోలు, టోరోకుషో ఫోటో అడుగు. ఇవ్వకపోతే వదిలెయ్. ఇస్తే ముందు నాకు పంపు, కలిసి చూద్దాం.

మీ మామయ్య