గేర్‌బాక్సు బిగించే కొడుకును ఏ కోర్సులో చేర్చాలి?

జయపురం నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. బట్టల వ్యాపారం. కొడుకు ప్లస్ టూ సైన్స్ రెండో ఏడాది. ఏడాదిగా మేనమామ షెడ్డులో ఒక పాత మహీంద్రా జీపు ముందేసుకుని కూర్చున్నాడట. ప్రమాదంలో నుజ్జయిన ఆటోమేటిక్ కారులోంచి డీజిల్ ఇంజన్ తెచ్చి, దానికి ఇంకో బండి మాన్యువల్ గేర్‌బాక్సు బిగిస్తున్నాడు. రెండింటి మధ్య వేసే అడాప్టర్ ప్లేటు విశాఖ ఆటోనగర్‌లో చేయిస్తే మొదటిది పనికిరాలేదు, ఇప్పుడు రెండోది నడుస్తోంది. పూనేలో కార్ల మోడిఫికేషన్ నేర్పే ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు నాలుగు లక్షలు. తండ్రికేమో సీఎస్‌ఈలో ఏఐ సీటు వస్తే చాలు. "మాన్యువల్ గేర్లే పోతున్నాయి, అంతా ఎలక్ట్రిక్ అంటున్నారు. వీడు గ్రీజు చేతులతో మిగిలిపోతాడేమోనని భయంగా ఉంది. పూనే కోర్సు, మెకానికల్ బీటెక్, ఏఐ, ఈ మూడూ పోల్చి చెప్పండి" అని అడిగారు.

అయ్యా, పోలిక చెప్తాను. ముందు ఆ గ్రీజు చేతుల సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ నిద్ర పాడుచేస్తున్నది అదే. బరంపురం నుంచి, రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి ఇదే బెంగతో తల్లిదండ్రులు నాకు రాస్తూనే ఉంటారు. ఒకరి కొడుకు మోటారు విప్పుతాడు, ఒకరి కూతురు వెల్డింగ్ నేర్చుకుంటానంటుంది. అడిగేది కోర్సు గురించే గానీ, లోపల ఉన్నది నలుగురిలో ఏం చెప్పుకోవాలి, రేపు సంబంధాలు ఎలా వస్తాయి అన్న బాధ. మీ అబ్బాయి దారి తప్పలేదు. ఈ మాట నేను ఊరడింపుగా అనడం లేదు. మీరు రాసిన వివరాలే చెబుతున్నాయి.

ఆ షెడ్డులో జరుగుతున్న పని ఏమిటో చూడండి. టార్క్ కన్వర్టరు రకం ఆటోమేటిక్ కారు ఇంజన్‌కు, మాన్యువల్‌లో క్లచ్ ఆనుకుని తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, ఉండదు. దాని బదులు పల్చటి ఫ్లెక్స్ ప్లేటు, దాని వెనక ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరు ఉంటాయి. క్లచ్ పెట్టాలంటే ఫ్లైవీల్ వెతకాలి. దాని బ్యాలెన్సు ఆ ఇంజన్‌కు తగ్గట్టు ఉండాలి, రింగ్ గేరు స్టార్టరు పళ్లకు సరిగ్గా అందాలి. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కొస వెళ్లి, ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, అంటే క్రాంకు, చివర పైలట్ బేరింగులో కూర్చోవాలి. ఆటోమేటిక్ కోసం తయారైన కొన్ని క్రాంకులకు ఆ బేరింగు పట్టే చోటే తొలిచి ఉండదు. క్లచ్ ప్లేటు బయటి కొలత ఫ్లైవీల్‌కు, నడిమి పళ్లు గేర్‌బాక్సు షాఫ్టుకు కుదరాలి, అంటే ఒకే ప్లేటు రెండు కంపెనీల బండ్లకు సరిపోవాలి. అడాప్టర్ ప్లేటు మందం ఎక్కువైతే షాఫ్టు బేరింగుకు అందదు, తక్కువైతే కొస వెళ్లి క్రాంకుకు గుద్దుకుంటుంది. క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు ఎక్కడ ఆగాలో, చక్రాల వైపు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు ఎంత పొడవుండాలో అన్నీ మళ్లీ కొలవాల్సిందే. ఆ డీజిల్ ఇంజన్ తోసే బలాన్ని ఆ గేర్‌బాక్సు తట్టుకుంటుందా అన్న లెక్క వేరే ఉంది. చదును రోడ్డు మీద తేలని లోపం, సాలూరు ఘాటీలో నిండు బరువుతో ఎక్కేటప్పుడు తేలుతుంది.

వీటన్నిటికంటే కష్టం సెంటరు కుదర్చడం. క్రాంకు, ఇన్‌పుట్ షాఫ్టు ఒకే గీత మీద తిరగాలి. క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగు రంధ్రాన్ని, సన్నటి తేడాను కూడా ముల్లుతో చూపే డయల్ గేజ్‌తో చూస్తే ఒక పూర్తి చుట్టులో ముల్లు కదలిక మొత్తం ఐదు థౌ, అంటే సుమారు 0.13 మిల్లీమీటర్లు, దాటకూడదన్నది ఈ పనిలో సాధారణంగా పాటించే హద్దు. అది దాటితే గేర్లు పడవు, పడ్డా జారిపోతాయి, బేరింగులు మోత పెట్టి అరిగిపోతాయి, క్లచ్ ప్లేటు నడిమి భాగం పగులుతుంది. మొదటి ప్లేటుతో గేరు పడటం కష్టమైందని, మోత వచ్చిందని మీరు రాశారు. తరవాత అబ్బాయి డయల్ గేజ్ అద్దెకు తెచ్చి కొలిచి, తప్పు డోవెల్ పిన్నుల చోటులో ఉందని తేల్చాడట. మీరు ఆ సంగతిని ఫిర్యాదుగా, అద్దె డబ్బులు దండగైనట్టు రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ఎక్కువ సంతోషం కలిగించిన వాక్యం అదే. బోల్టులు బిగించి పట్టుకుంటాయి, చోటు నిలబెట్టేవి డోవెల్ పిన్నులు. ఈ తేడా ఒకరు చెప్పకుండా, కొలిచి తెలుసుకున్న పదిహేడేళ్ల కుర్రాడు మీ ఇంట్లో ఉన్నాడు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టేసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆగి కొలిచేవాళ్లు తక్కువ.

ఇక్కడ కాస్త గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో ఇంజన్ ఎంతకు కొన్నదీ, ప్లేటుకు ఎంతైందీ, విశాఖకు బస్సు చార్జీ ఎంతైందీ రాశారు. అబ్బాయికి లెక్కల్లో ఎన్ని మార్కులు వస్తున్నాయో, ఫిజిక్స్ ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. ఆ షెడ్డుకు మీరు ఒక్కసారైనా వెళ్లినట్టు కూడా ఎక్కడా లేదు. వ్యాపారం చేసే మనిషి, సరుకు చూడకుండా ధర కడతారా? కొడుకు విషయంలో మీరు అదే చేస్తున్నారు. ఈ ఆదివారం దుకాణం కట్టేశాక వెళ్లి, ఏం చేస్తున్నాడో వాడి నోటితోనే చెప్పించుకోండి. అర్థం కాకపోయినా వినండి.

మీ ఊరి నుంచి ఘాటీ ఎక్కి కోరాపుట్ దాటితే సునాబెడ వస్తుంది. అక్కడ విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ 1964లో మొదలుపెట్టిన ఇంజన్ డివిజన్‌లో మిగ్ విమానాల ఇంజన్లు తయారయ్యాయి, సుఖోయ్ 30కి వాడే ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లూ అక్కడివే. షాఫ్టు, బేరింగు, సెంటరు, కొలత, వాళ్ల రోజంతా వీటితోనే గడుస్తుంది. ఆ గేటులోంచి బయటికొచ్చే మనిషిని జయపురంలో ఎవరూ చిన్నచూపు చూడరు, మీరూ చూడరు. పని జాతి ఒకటే, స్థాయి వేరు. ఆ స్థాయికి చేర్చేది చదువు.

ఇప్పుడు పూనే కోర్సు. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. ఫోనులో మెరిసే వీడియోలు చూసి పిల్లలు ఇలాంటి కోర్సుల వైపు పరిగెడుతున్నారు. బాడీ కిట్లు, ర్యాప్‌లు, వెడల్పు టైర్లు, కంప్యూటర్ మీద అందమైన బొమ్మలు, మధ్యలో ఒక వారం ఇంజన్ విప్పి చూపించడం. చివరికి చేతికొచ్చేది సంస్థ సొంత సర్టిఫికెట్. దాన్ని చూసి కంపెనీ ఇంజనీరు ఉద్యోగం ఇవ్వదు, ప్రభుత్వ నోటిఫికేషన్‌లో అది అర్హతగా ఉండదు, పై చదువుకు పనికిరాదు. మీ అబ్బాయి ఇప్పటికే చేస్తున్న పని, వాళ్లు ఏడాదిలో చూపించేదానికంటే లోతైనది. నేర్చుకున్న దానికంటే తక్కువ నేర్పేచోట నాలుగు లక్షలు ఎందుకు కట్టాలి?

ఇంకా పెద్ద చిక్కు చట్టం. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వింటేజ్ వాహనాలకు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, అవి కూడా యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో కాపాడుకున్న బండ్లకే. అంటే మన దేశంలో కస్టమ్ కార్ల వ్యాపారం నిలబడే నేల చాలా ఇరుకు. కోర్సు అమ్మేవాళ్లు ఈ మాట పిల్లలకు చెప్పరు. మీ జీపు కూడా అంతే. అది నేర్చుకోవడానికి పనికొచ్చే బండి. ఆర్టీవో అనుమతి లేకుండా రోడ్డెక్కించకండి, మేనమామను ఎక్కించనివ్వకండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది.

పూనే మీద కోపం లేదు. 1966లో ఏర్పడిన ఏఆర్‌ఏఐ అక్కడే ఉంది. బండ్లను, ఇంజన్లను పరీక్షించి ధ్రువీకరించే సంస్థ అది. పింప్రీ చించ్‌వడ్, చాకన్ నిండా కార్ల కంపెనీలు, విడిభాగాల కంపెనీలు. ఒక ఇంజన్‌కు ఏ గేర్‌బాక్సు, ఏ క్లచ్, ఎంత నిష్పత్తి అని తేల్చే విభాగాలే ఉంటాయి కంపెనీల్లో. మీ అబ్బాయి షెడ్డులో చేస్తున్న పని అక్కడ జీతానికి, చట్టబద్ధంగా జరుగుతుంది. ఆ తలుపు తెరిచేది ఇంజనీరింగ్ పట్టా, లేదా మంచి డిప్లొమా.

ఏఐ గురించి రెండు మాటలు చాలు. కోర్సులో తప్పు లేదు, అబ్బాయికి అది అక్కర్లేదు. కోరిక లేని పిల్లాడిని గుంపులో తోస్తే నాలుగేళ్ల తరవాత ఇటూ కాక అటూ కాక నిలబడతాడు. ప్రోగ్రామింగ్ మెకానికల్‌లో ఉంటూ కూడా నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా.

అందుకని నా ఓటు మెకానికల్ బీటెక్‌కే. ఆటోమొబైల్ బ్రాంచి వద్దా అని అడుగుతారు. మెకానికల్ తీసుకున్నవాడు కార్ల కంపెనీకీ వెళ్లగలడు, రాయగడ పేపరు మిల్లుకూ, దామంజోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీకీ దరఖాస్తు పెట్టగలడు. వెడల్పు ఎక్కువ. కాలేజీ చూడటానికి వెళ్తే ఏసీ సెమినార్ హాలు చూపిస్తారు, మీరు వర్క్‌షాపు చూపించమనండి. లేతు కింద తాజా ఇనుప రజను ఉందా, కొలత పరికరాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయా పిల్లల చేతుల్లో ఉన్నాయా చూడండి. బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీకి జట్టు ఉందా అడగండి. 2007 నుంచి జరుగుతున్న ఆ పోటీలో విద్యార్థులు తామే ఒక బండిని గీసి, కట్టి, నడిపి చూపిస్తారు. ఒకవేళ లెక్కలు మరీ బలహీనమైతే భువనేశ్వర్ సీటీటీసీ టూల్ రూమ్‌లో, లేదా 1923 నుంచి ఉన్న బరంపురం యూసీపీ ఇంజనీరింగ్ స్కూల్లో డిప్లొమా గురించి కనుక్కోండి. అదేమీ తక్కువ దారి కాదు.

ఎలక్ట్రిక్ సంగతి. నిజమే, చాలా ఎలక్ట్రిక్ కార్లలో క్లచ్ ఉండదు, ఒకే నిష్పత్తితో గేర్లు ఉంటాయి. కానీ మోటారుకూ షాఫ్టు ఉంటుంది, దానికీ బేరింగు, స్ప్లైన్లు అనే షాఫ్టు పళ్లు, సెంటరు ఉంటాయి. పాత కారును ఎలక్ట్రిక్‌గా మార్చేటప్పుడు చాలాచోట్ల పాత గేర్‌బాక్సునే ఉంచి, మోటారును దానికి కలుపుతారు. మధ్యలో వేసేది అడాప్టర్ ప్లేటే. ఆమోదం పొందిన కిట్టుతో చేసే ఇలాంటి మార్పుకు సెక్షన్ 52 చోటిచ్చింది. కాబట్టి మీ అబ్బాయి చేతికొచ్చిన విద్య కాలం చెల్లిపోదు.

ఫీజు కట్టే గడువు దగ్గరపడిందని రాశారు. కట్టకండి. ఆ డబ్బులో చిన్న భాగంతో వాడికి సొంత డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండు, మంచి వెర్నియరు కొనివ్వండి, మిగతాది బీటెక్ కోసం ఉంచండి. బోర్డు పరీక్షలయ్యే వరకు షెడ్డు ఆదివారాలకే అని మాట తీసుకోండి. పూర్తిగా మూయిస్తే పుస్తకం ముందు కూర్చుని జీపు గురించే ఆలోచిస్తాడు. ఇప్పటిదాకా చేసిన పనంతా, పాడైన మొదటి ప్లేటుతో సహా, కొలతలతో, గీసిన బొమ్మలతో ఒక నోటుబుక్కులో రాయించండి. రేపు కాలేజీ జట్టులో చేరేటప్పుడు, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం సర్టిఫికెట్ కంటే ఎక్కువ మాట్లాడుతుంది. లెక్కలు, ఫిజిక్స్ మార్కులు మాత్రం ఈ వారంలోనే నాకు రాసి పంపండి. అవి చూడకుండా ఏ కాలేజీ పేరూ చెప్పను.