క్రిస్టల్‌లో 9 డిగ్రీలు, గాసియన్‌లో 41 డిగ్రీలు: మా అణువు అసలు ఆకారం ఏది?

మీరు అడిగింది ఇది: పీహెచ్‌డీ రెండో ఏడు. రెండు బెంజీన్ రింగులు ఒకే బంధంతో కలిసిన చిన్న ఆర్గానిక్ కాంపౌండ్. సింగిల్ క్రిస్టల్ ఎక్స్-రేలో రింగుల మధ్య కోణం 9 డిగ్రీలు వచ్చింది. అదే అణువుని గాసియన్‌లో (అణువుల ఆకారాన్ని, శక్తిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఆప్టిమైజ్ చేస్తే, అంటే శక్తి అతి తక్కువగా ఉండే ఆకారం వెతికితే, 41 డిగ్రీలు. గైడ్ గారు "లెక్క తప్పు, మళ్లీ చెయ్యి" అంటున్నారు. ఏది నిజం, థీసిస్‌లో ఏం రాయాలి?

లెక్క మళ్లీ చేస్తూ కూర్చోకండి. చాలావరకు రెండూ సరైనవే అయి ఉంటాయి. ఇదే గోతిలో పడి నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు బైఫినైల్ సంగతి చూడండి, మీ కాంపౌండ్‌కి పెద్దన్న లాంటిది. ఆవిరి రూపంలో, అంటే పక్కన ఎవరూ లేనప్పుడు, దాని రెండు రింగులు ఒకదానికొకటి దాదాపు 44 డిగ్రీలు మెలితిరిగి ఉంటాయి. అదే బైఫినైల్‌ని గది ఉష్ణోగ్రతలో క్రిస్టల్‌గా చూస్తే రెండు రింగులూ అప్పడంలా ఒకే తలంలో కనిపిస్తాయి. ఆర్థో స్థానాల్లోని, అంటే రింగుల్ని కలిపే బంధానికి పక్కనే ఉన్న, హైడ్రోజన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ రింగుల్ని మెలితిప్పుతాయి. కాంజుగేషనేమో (రెండు రింగులూ ఎలక్ట్రాన్లని కలిసి పంచుకోవడం) చదునుగా ఉండమని లాగుతుంది. ఈ తగువులో 44 దగ్గర రాజీ కుదిరింది, అంతే. ఆ రాజీ కూడా గట్టిదేం కాదు. అక్కడి నుంచి సున్నా డిగ్రీలకి రావడానికి అయ్యే ఖర్చు మోలుకి ఒకటిన్నర, రెండు కిలోకాలరీలు. చదునైన అణువులు దగ్గరదగ్గరగా పేర్చుకుంటే ఆ మాత్రం ఖర్చు క్రిస్టల్‌లో సులువుగా తిరిగొచ్చేస్తుంది. మీ 41, 9 వెనక ఉన్నది కూడా ఇదే బేరం అని నా అనుమానం. గాసియన్ లెక్కేసింది ఒంటరి అణువుని. ఎక్స్-రే చూసింది చుట్టూ పన్నెండు, పధ్నాలుగు మంది చుట్టాల మధ్య ఇరుక్కుని కూర్చున్న అణువుని.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బైఫినైల్ క్రిస్టల్‌లో అణువు సరిగ్గా ఇన్వర్షన్ సెంటర్ (ఒక సగాన్ని తిరగేసి రెండో సగంగా చూపే సిమెట్రీ బిందువు) మీద కూర్చుంటుంది. యూనిట్ సెల్‌లో (క్రిస్టల్‌లో పదేపదే వచ్చే చిన్న పెట్టె) రెండే అణువులు, స్పేస్ గ్రూప్ (క్రిస్టల్ సిమెట్రీ రకం) పి21/ఎ. అంటే సగం అణువుకే మనం స్థానాలు కనిపెడతాం, మిగతా సగాన్ని సిమెట్రీయే గీసి ఇస్తుంది. అలాంటప్పుడు రింగులు సమాంతరంగా రాక ఇంకెలా వస్తాయి? ఆ సున్నా కొలిచిన సున్నానా, సిమెట్రీ రుద్దిన సున్నానా అన్నది వేరే ప్రశ్న. కుడికి మెలితిరిగినవీ ఎడమకి మెలితిరిగినవీ కలిసిపోయి సగటున చదునుగా కనిపించవచ్చు కదా. క్రిస్టల్‌ని 40 కెల్విన్ కిందకి చల్లబరిస్తే అసలు గుట్టు బయటపడుతుంది: సిమెట్రీ చెదిరి, పది డిగ్రీల దాకా మెలిక కనిపిస్తుంది.

అందుకే మీ 9 డిగ్రీల గురించి నేను మొదట అడిగేది డేటా ఏ టెంపరేచర్‌లో తీశారని. గుర్తులేకపోతే సిఐఎఫ్ ఫైల్‌లో (స్ట్రక్చర్ వివరాలన్నీ ఉండే ఫైల్) ఆరోమాటిక్ సి–హెచ్ పొడవు చూడండి. షెల్‌ఎక్స్‌లో (ఎక్స్-రే డేటాకి స్ట్రక్చర్‌ని సరిపెట్టే ప్రోగ్రామ్) మామూలు పద్ధతిలో రిఫైన్ చేసి ఉంటే, గది ఉష్ణోగ్రత డేటాకి 0.93 ఆంగ్‌స్ట్రామ్ అని, 100 కెల్విన్ డేటాకి 0.95 అని పెట్టి ఉంటుంది. తర్వాత ఎలిప్సాయిడ్ల బొమ్మ (ఒక్కో పరమాణువు ఎటు, ఎంత ఊగుతోందో చూపేది) తెరిచి చూడండి. రింగు ఆర్థో, మెటా కార్బన్ల ఎలిప్సాయిడ్లు తలానికి అడ్డంగా సాగిపోయి, బంధానికి ఎదురు చివరనున్న పారా కార్బన్‌ది మాత్రం గుండ్రంగా ఉంటే, రింగు తన ఇరుసు మీద ఊగుతోందన్నమాట. అప్పుడు 9 అన్నది సగటు, దాని వెనక ఇంకా పెద్ద కోణాలు దాక్కుని ఉండొచ్చు.

ఇక నా కథ. నావి బెంజానిలైడ్ రకం కాంపౌండ్లు. ఇథనాల్‌లో కరిగించి, వయల్ మూతికి పారాఫిల్మ్ చుట్టి, సూదితో మూడు బెజ్జాలు పెట్టి డ్రాయర్‌లో దాచేవాణ్ని. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండలు. శనివారం కరెంటు పోయి ఏసీ ఆగిందంటే సోమవారానికి వయల్ అడుగున పొడే. పదకొండో వయల్‌లో ఒక మంచి పలక దొరికింది. డిఫ్రాక్టోమీటర్ (క్రిస్టల్‌ని కొలిచే ఎక్స్-రే మెషీన్) దగ్గర మూడు వారాల క్యూ. చివరికి స్ట్రక్చర్ వచ్చింది, ఆర్ ఫ్యాక్టర్ (స్ట్రక్చర్‌కీ డేటాకీ మధ్య తేడా) ఐదు శాతం లోపే, చెక్‌సిఐఎఫ్‌లో (స్ట్రక్చర్‌లో తప్పులు పట్టే ప్రోగ్రామ్) ఒక్క ఎ-అలర్ట్, అంటే పెద్ద హెచ్చరిక, లేదు. ల్యాబ్ అంతటికీ మైసూర్‌పాక్ పంచాను.

అసిమెట్రిక్ యూనిట్‌లో, అంటే సిమెట్రీ గీసివ్వకుండా మనమే స్థానాలు కనిపెట్టాల్సిన భాగంలో, రెండు అణువులున్నాయి. ఆ సంఖ్యనే జెడ్ ప్రైమ్ అంటారు, నాకది రెండు. నేను పట్టించుకోలేదు. టేబుల్‌లో మొదట ఉన్న అణువుని తీసుకుని డీఎఫ్‌టీతో (గాసియన్ లాంటి వాటిలో వాడే లెక్క పద్ధతి) పోల్చాను. కోణాలు అస్సలు కలవలేదు. మా సార్ కూడా మీ గైడ్ లాగే "లెక్క తప్పు" అన్నారు. లెక్క సెట్టింగులన్నీ తిప్పి చూశాను: బేసిస్ సెట్ మార్చాను, ఫంక్షనల్ మార్చాను, సాల్వెంట్ మోడల్ పెట్టాను. రాత్రుళ్లు సర్వర్ ముందు కాపలా. ప్రతిసారీ అటూ ఇటూ రెండు డిగ్రీల తేడాతో అదే జవాబు. చివరికి విసిగి, రెండో అణువుతో పోలిస్తే భేషుగ్గా కలిసింది. సంబరంగా దాన్నే పేపర్‌లో పెట్టి పంపాను. రివ్యూయర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: మొదటి అణువు సంగతేమిటి? రెండింటి కోణాల మధ్య దాదాపు ముప్పై డిగ్రీల తేడా. ఒకే క్రిస్టల్, ఒకే వయల్, ఒకే రోజు పుట్టిన రెండు అణువులకి రెండు ఆకారాలు. లెక్క తప్పయితే రెండోదానికి ఎలా సరిపోయింది? ఎక్స్-రే తప్పయితే ఒకే డేటాలో రెండు జవాబులెలా వచ్చాయి? అప్పుడు గానీ నేను ప్యాకింగ్ బొమ్మ (క్రిస్టల్‌లో అణువులు పేర్చుకున్న తీరు) తెరవలేదు. మొదటి అణువు మీద పక్క అణువు క్లోరిన్ వచ్చి కూర్చుంది, రెండోదాని దగ్గర ఆ ఇబ్బంది లేదు. తేడా అంతా అదే.

అప్పుడే ఇంకో పొరపాటు కూడా బయటపడింది. బెంజానిలైడ్‌లో రెండు రింగుల మధ్య అమైడ్ ఉంటుంది కాబట్టి అక్కడ మెలికలు రెండు. అవి ఎదురెదురు దిశల్లో తిరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, రింగులు సమాంతరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ ఒక్క సంఖ్య చూసి నేను ఒకచోట "అణువు చదునుగా ఉంది" అని రాసేశాను. ఒక్కో రింగునీ అమైడ్ తలంతో విడివిడిగా కొలవాల్సింది. మీకున్నది ఒకే బంధం కాబట్టి ఈ గొడవ లేదు. అయినా తలాల మధ్య కోణంతో పాటు నాలుగు పరమాణువుల టార్షన్ (బంధం చుట్టూ మెలిక కోణం) కూడా ప్లస్, మైనస్ గుర్తుతో సహా రాసుకోండి, పోలికకి అదే పనికొస్తుంది.

అలాగని తేడా కనిపించిన ప్రతిచోటా "ప్యాకింగ్ వల్ల" అని రాసేయడం కూడా సోమరితనమే. బెంజానిలైడ్ ట్రాన్స్‌గా, అంటే రెండు రింగులూ అమైడ్ బంధానికి చెరో వైపు ఉండేలా, ఉంటుంది. నైట్రోజన్ మీద ఒక్క మిథైల్ పెడితే సిస్‌కి (రెండూ ఒకే వైపు) తిరిగిపోతుంది, క్రిస్టల్‌లోనూ అంతే, ద్రావణంలోనూ అంతే. అది ఆ అణువు సొంత స్వభావం, చుట్టాల ప్రభావం కాదు. అమైడ్ సి–ఎన్ బంధాన్ని తిప్పాలంటే పదిహేను, ఇరవై కిలోకాలరీలు కావాలి, ప్యాకింగ్‌కి అంత శక్తి ఎక్కడిది? బైఆరిల్ బంధం (రెండు రింగుల్ని నేరుగా కలిపేది) లాంటి మెత్తటి చోట్ల మాత్రం పక్క అణువు మోచేతితో పొడిస్తే చాలు, కోణం మారిపోతుంది.

మెత్తటి టార్షన్ ఎంత దూరం పోతుందో చూడాలంటే రాయ్ అనే కాంపౌండ్ గురించి చదవండి. ఓలాంజపీన్ మందు తయారీలో మధ్యలో వచ్చే పదార్థం అది. ఎరుపు, నారింజ, పసుపు క్రిస్టల్స్ ఇస్తుంది కాబట్టి ఇంగ్లిష్‌లో ఆ రంగుల మొదటి అక్షరాలతో ఆ పేరు వచ్చింది. అణువు ఒక్కటే, పాలిమార్ఫులు (వేర్వేరు క్రిస్టల్ రూపాలు) డజనుకి పైనే. థయోఫీన్ రింగు దగ్గర మెలిక ఎర్ర రూపంలో 22 డిగ్రీల దగ్గర, ఒక పసుపు రూపంలో 105 దగ్గర ఉంటుంది. మెలిక పెరిగేకొద్దీ కాంజుగేషన్ తెగుతుంది, రంగు పసుపు వైపు జరుగుతుంది. కన్ఫర్మేషన్‌ని, అంటే అణువు మెలితిరిగిన ఆకారాన్ని, కంటితోనే చూడొచ్చు, ఎక్స్-రే అక్కర్లేదు!

నేనిప్పుడు ఒక మందుల కంపెనీలో పౌడర్ ఎక్స్-రే మెషీన్ దగ్గర పని చేస్తున్నాను. ఇక్కడ రాయ్ కంటే రిటోనవిర్ పేరు ఎక్కువ వినిపిస్తుంది, కొత్తగా చేరిన వాళ్లకి భయం పెట్టడానికి కూడా. ఆ హెచ్‌ఐవీ మందు 1996లో మార్కెట్‌లోకి వచ్చింది. 1998లో క్యాప్సూల్స్ ఉన్నట్టుండి కరిగే పరీక్షలో తప్పడం మొదలుపెట్టాయి. ఎవరూ అడగని రెండో రూపం ఒకటి పుట్టింది. అందులో కార్బమేట్ భాగం సిస్‌గా ఉంటుంది, అణువుకి అంతగా ఇష్టం లేని ఆకారం. కానీ ఆ ఆకారంలో హైడ్రోజన్ బంధాలు గట్టిగా కుదిరాయి, అందుకే అది ఎక్కువ స్థిరం, తక్కువ కరుగుతుంది. అబాట్ కంపెనీ ఆ క్యాప్సూల్స్‌ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఆ మెలికని సున్నా నుంచి 90 వరకు పదేసి డిగ్రీల చొప్పున స్కాన్ చేయండి, డిస్పర్షన్ కరెక్షన్ (బలహీన ఆకర్షణల్ని లెక్కలో చేర్చే సవరణ) కలిపి. 9 డిగ్రీల దగ్గర శక్తి 41 దగ్గర కన్నా రెండు, మూడు కిలోకాలరీల లోపు ఎక్కువ ఉంటే గొడవే లేదు, ఆ గ్రాఫే మీ గైడ్ గారికి జవాబు. ఏడెనిమిది వస్తే మాత్రం అనుమానించాల్సిందే. అప్పుడు ఆర్థో స్థానంలో ఏదైనా గ్రూప్ ఉందా, లోపలే హైడ్రోజన్ బంధం ఒకటి మిస్సయ్యారా, లేక డిసార్డర్‌ని (ఒకే చోట వేర్వేరు భంగిమల్లో ఉన్న అణువుల్ని) ఒక్క అణువుగా రిఫైన్ చేశారా అని చూడాలి.

తర్వాత మెర్క్యురీలో (క్రిస్టల్ బొమ్మలు చూసే ప్రోగ్రామ్) ప్యాకింగ్ తెరిచి, రింగు పక్కన ఎవరున్నారో చూడండి. ముందు హైడ్రోజన్లని న్యూట్రాన్ ప్రయోగాల్లో కొలిచిన దూరాలకి సరిచేసుకోండి. ఎక్స్-రే చూసేది ఎలక్ట్రాన్లని. హైడ్రోజన్‌కున్న ఒక్క ఎలక్ట్రాన్ కార్బన్ వైపు ఒరిగి ఉంటుంది కాబట్టి సి–హెచ్ పొడవు 0.95 అనిపిస్తుంది, నిజానికి 1.08 దగ్గర. ఈ చిన్న సవరణ చేయకపోతే సి–హెచ్···ఓ దగ్గరితనాలు సగం కంటికి ఆనవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గౌతమ్ దేశిరాజు గారు ఏళ్ల తరబడి పని చేసింది ఈ బలహీన బంధాల మీదే, ఆయన రివ్యూలు ఒకటి రెండు చదివితే మీ డిస్కషన్ రాయడం సులువవుతుంది.

యూనివర్సిటీలో కేంబ్రిడ్జ్ డేటాబేస్ లైసెన్స్ ఉంటే మీ అణువులోని ఆ ముక్కని గీసి వెతకండి. ఓల్గా కెన్నార్డ్ 1965లో మొదలుపెట్టిన ఆ సేకరణ 2019లో పది లక్షల స్ట్రక్చర్లు దాటింది. బైఆరిల్ టార్షన్లకి హిస్టోగ్రామ్ గీస్తే మీ 9 డిగ్రీలు గుంపులో ఉందా, ఒంటరిగా మూల నిలబడిందా తెలిసిపోతుంది.

థీసిస్‌లో "క్రిస్టల్‌లో అణువు దాదాపు చదునుగా ఉంది, ఒంటరి అణువు లెక్కలో 41 డిగ్రీలు మెలితిరిగింది, రెండింటి మధ్య శక్తి తేడా ఇంత, చదునుగా నిలబెడుతున్న పొరుగు స్పర్శలు ఇవి" అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. మీ అణువుకి ఆర్థో స్థానంలో ఏముందో, స్పేస్ గ్రూప్ ఏమిటో, జెడ్ ప్రైమ్ ఎంతో మీరు రాయలేదు. అవి చెప్తే ఆ 9 సిమెట్రీ రుద్దిందా, అణువే ఒప్పుకుందా అన్నది ఇంకాస్త గట్టిగా చెప్పగలను.