ఇంటి షెడ్డులో సినిమా అంతరిక్ష నౌకను అసలు సైజులో కట్టొచ్చా?

ప్రశ్న అడిగినవారు ఇంజినీరింగ్ చదువుతున్నారట. సినిమాల్లో కనిపించే అంతరిక్ష నౌకను ఇంటి దగ్గరే అసలు సైజులో కట్టడం కుదురుతుందా, ఎంతవుతుంది, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడిగారు.

కుదురుతుంది. మూడేళ్లుగా నేను చేస్తున్నది అదే. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీకు దగ్గర్లో పడవలు చేసే మేస్త్రి ఎవరున్నారో కనుక్కోండి.

మాది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర ఊరు. ఒకప్పుడు నాన్న పొగాకు వేసేవారు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ మానేసి చాలా ఏళ్లయింది, ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ షెడ్డు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. దానికి మంచి రేకుల కప్పు, చదునైన నేల ఉన్నాయి, ఒక పక్క గోడ లేదు. ఇంతకంటే మంచి వర్క్‌షాపు ఎక్కడ దొరుకుతుంది? అందులో నేను కడుతున్నది ‘స్టార్ ట్రెక్’ అనే పాత అమెరికా టీవీ సీరియల్లోని గెలీలియో. పెద్ద నౌక నుంచి కింది గ్రహానికి మనుషుల్ని దించే చిన్న బండి. పొడవు ఇరవై అడుగుల పైచిలుకు, ముందు మూడు కిటికీలు, కింద రెండు పక్కలా పొడుగాటి ఇంజిన్ గొట్టాలు.

ఫ్రేముకు అంగుళం చదరపు ఇనుప పైపు, 16 గేజి వాడాను. మీటరు కిలో పైన కొద్దిగా తూగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లు మావి, వెల్డింగ్ చేసిన రోజే రెడ్ ఆక్సైడ్ కొట్టకపోతే వారానికల్లా తుప్పు కనిపిస్తుంది. ఇంజిన్ గొట్టాలకు 200 లీటర్ల ఇనుప డ్రమ్ములు వరసగా అతికాను. ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఖాళీ డ్రమ్మే కదా అని వెంటనే వెల్డింగ్ పెట్టకండి. లోపల ఆయిలో థిన్నరో ఆవిరి మిగిలి ఉంటే డ్రమ్ము పేలుతుంది. బాగా కడిగించి, నీళ్లు నింపి, అతికే చోటు మాత్రమే ఖాళీగా ఉంచి చేయించాను. వెనక భాగానికి పాత బ్యారన్‌లో వేడి గాలి తిరిగే రేకు గొట్టాలు పనికొచ్చాయి. నాన్న వాటిని తుక్కుకు అమ్మకుండా ఉంచినందుకు ఇప్పటికీ సంతోషం.

ఇంతవరకూ ఏ వెల్డరైనా చేయగలడు. ముక్కు భాగం, గొట్టాల చివర ఉండే గుండ్రటి టోపీలు అలా కాదు. రెండు వైపులా వంపు తిరిగిన చోట రేకు మాట వినదు. ఒకవైపు వంచితే ఇంకోవైపు ముడత లేస్తుంది. అక్కడ ఫైబర్ తప్పదు, అంటే గాజు నార పరిచి, దాని మీద రెజిన్ అనే చిక్కటి ద్రవం పూసి గట్టిపడనివ్వడం. నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, ఒంగోలులో ఒక షాపు నుంచి రెజిన్ తెచ్చాను. ఆ డబ్బా మీద గడువు తేదీ ఎప్పుడో దాటిపోయిందని తర్వాత చూశాను, అడిగితే షాపువాళ్లు పట్టించుకోలేదు. అయినా ఆ రోజు జరిగినదానికి అసలు కారణం నేను ఎంచుకున్న వేళ, కలిపిన తీరు.

రోహిణి కార్తె, మధ్యాహ్నం పన్నెండున్నర. మోల్డు (అచ్చు) మీద గాజు నార మ్యాట్ పరిచి, మూడు కిలోల రెజిన్ ఒకే బకెట్‌లో పోసి, దాన్ని గట్టిపరిచే హార్డనర్ కలిపాను. వీడియోలో ఇరవై నిమిషాలు టైముందన్నారు. నాకు ఆరు నిమిషాలు కూడా దక్కలేదు. బ్రష్ తిప్పుతుండగానే రెజిన్ తేనెలా చిక్కబడింది, తర్వాత జున్నులా గడ్డకట్టింది. బకెట్ ముట్టుకుంటే కాలుతోంది. నడిమధ్య నుంచి తెల్లటి పొగ లేచింది, కళ్లు మండాయి, లోపల గడ్డ పటపటా పగిలింది. అమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బకెట్‌ను కర్రతో తోసుకుంటూ బయటి ఇసుకలో పడేశాను. వెనక్కి తిరిగి చూస్తే మోల్డు మీద సగం మ్యాట్ ముడతలు పడి రాయిలా బిగిసిపోయి ఉంది. రెండు నెలలు కూర్చుని పట్టీలు బిగించి, ప్లాస్టర్ పూసి, ఎమరీ పట్టి నున్నగా చేసిన మోల్డు అది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత ఒక బంధువు చెబితే కొత్తపట్నం వైపు పడవలు చేసే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. 2004 సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి, ఆయన అప్పటి నుంచి అదే పనిలో ఉన్నారు. ఫోన్లో ఫొటో చూడగానే, “ఏంది అబ్బయా, కల్లాపి చల్లినట్టు బకెట్ నిండా కలిపావా? పొద్దెక్కినాక రెజిన్ ముట్టబాకు” అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకే మా షెడ్డులో ఉన్నారు. ముందు మ్యాట్ ముక్కలన్నీ కత్తిరించి, వరస తప్పకుండా నంబర్లు వేయించారు. రెజిన్ అరకిలో చొప్పున మాత్రమే కలిపారు, అదీ బకెట్‌లో కాదు, వెడల్పాటి పళ్లెంలో. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఒకచోట కుప్పగా ఉంటే ఆ వేడికి బయటికెళ్లే దారి ఉండదు, వేడెక్కిన కొద్దీ ఇంకా తొందరగా గట్టిపడుతుంది. హార్డనర్ నూటికి ఒకటి చాలన్నారు. గట్టిపడటాన్ని వేగం చేసే యాక్సిలరేటర్‌నీ హార్డనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలిపోతుందని రెండు సీసాలూ షెడ్డుకు చెరో మూల పెట్టించారు. రోలర్‌తో గాలి బుడగలు తీశాక, మర్నాడు వేలి కణుపుతో తట్టి చూస్తూ పోయారు. ఒకచోట శబ్దం డొల్లగా వచ్చింది. “ఇక్కడ గాలుంది, కోసెయ్” అన్నారు. కోసి చూస్తే నిజంగానే రూపాయి బిళ్లంత ఖాళీ.

ఊళ్లో అందరూ నన్ను అడిగేది ఒకటే మాట, ఇది ఎగురుతుందా అని. ఆ ప్రశ్న వింటే నాకు నిజంగా బాధేస్తుంది. గుడికి రథం చేసేవాణ్ని అది ఎంత స్పీడు పోతుందని ఎవరైనా అడుగుతారా? మేస్త్రి ఆ మాట అడగలేదు. ఫ్రేము చుట్టూ ఒకసారి తిరిగి, “ఇందులో ఎందరు కూర్చోవాలి?” అన్నారు. కథలో ఏడుగురు అన్నాను. తలుపు దగ్గర వంగి లోపలికి చూసి, “ఏడుగురు పట్టరే” అన్నారు.

ఆయన ఆ సీరియల్ ఎప్పుడూ చూడలేదు. కానీ చెప్పింది నిజం. షూటింగ్ కోసం 1966లో చేసిన గెలీలియో బయటి ఆకారం చిన్నది. లోపలి సీన్లు తీసిన సెట్ వేరు, ఇంకా పెద్దది. ఆ లోపలి గదిని ఈ బయటి ఆకారంలో పెట్టాలంటే పట్టదు. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే డ్రాయింగుల్లో ఏ రెండిట్లో కూడా కొలతలు కలవవు. వాటిని నమ్మి నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. నా అభిప్రాయం ఒక్కటే. అసలు సైజు అంటే ఆ రోజు సెట్లో నిలబడిన వస్తువు సైజే, కథలో చెప్పుకునే లెక్క కాదు. ఆ వస్తువు ఇప్పటికీ ఉంది. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పాడైపోతే అభిమానులు బాగుచేయించారు, 2013 నుంచి అమెరికాలో హ్యూస్టన్ స్పేస్ సెంటర్‌లో ఉంది.

పడవలవాళ్ల దగ్గరికే వెళ్లమని ఎందుకంటున్నానంటే, పెద్ద సినిమావాళ్లు కూడా స్టూడియో వదిలి రేవు ఊరికే వెళ్లారు. ‘స్టార్ వార్స్’ రెండో సినిమా కోసం మిలీనియం ఫాల్కన్ అనే నౌకను పూర్తి సైజులో, సుమారు 70 అడుగులు, 1979లో కట్టింది సినిమా స్టూడియోలో కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో పెంబ్రోక్ డాక్ అనే రేవు ఊళ్లో, ఒకప్పుడు నీటి మీద దిగే విమానాలు పెట్టిన పాత హ్యాంగర్‌లో కట్టారు. తర్వాత ముక్కలుగా విప్పి స్టూడియోకు తీసుకెళ్లారు. వంపు తిరిగిన పెద్ద డొల్లను లోపలి పక్కటెముకల మీద నిలబెట్టడం ఓడలు కట్టేవాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. మన తీరం పొడవునా ఆ విద్య ఉన్నవాళ్లున్నారు. మన కుర్రాళ్లు వాళ్లను వదిలేసి, డబ్బులు పోసి త్రీడీ ప్రింటర్లు కొని అరచేతంత బొమ్మలు తీసుకుంటున్నారు. నాకు అది అస్సలు నచ్చదు.

ఖర్చు ఇప్పటికి రెండు లక్షల ఎనభై వేలు దాటింది. రెజిన్‌కే ఎక్కువైంది, పాడుచేసింది కూడా అందులోనే. మేస్త్రి పెట్రోలు డబ్బులు తప్ప ఇంకేం తీసుకోలేదు. చీమకుర్తిలో పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర పారేసిన గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చి కంట్రోల్ ప్యానెల్ పైన పరిచాను. సీరియల్లో అలా లేదు, తెలుసు. కానీ నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే, నక్షత్రాల మధ్య తిరిగే బండికి మన జిల్లా నుంచి ఇంతకంటే ఏం పెట్టగలం?

ఇంకా కిటికీల అద్దాలు, పైకప్పు అతుకులు మిగిలాయి. మాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో. షెడ్డుకు గోడలేని పక్క నుంచి జల్లు కొడుతుంది కాబట్టి ఈలోపే అతుకులు మూసేయాలి. శనివారం తెల్లవారుజామున మేస్త్రి వస్తానన్నారు. మీరు ఈ చుట్టుపక్కల వారైతే రండి, నాలుగున్నరకల్లా ఉండాలి.