పాత రూంబాను ఫోన్‌తో నడపడం ఎలా?

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి వైఫై లేని రూంబా 600 సిరీస్ (ఇల్లు ఊడ్చే రోబో) తెచ్చాడు. ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు తగిలిస్తే ఫోన్‌తో నడుస్తుందా? కాలిపోతుందేమోనని టెన్షన్. – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నిక్షేపంగా నడుస్తుందండీ. తయారుచేసిన ఐరోబోట్ వాళ్లే దారి వదిలారు. పై మూత తీస్తే గుండ్రటి 7 పిన్నుల సాకెట్ కనబడుతుంది. మీరు భయపడాల్సింది 1, 2 పిన్నుల గురించే. వాటిలో నేరుగా బ్యాటరీ కరెంటు వస్తుంది. బ్యాటరీ 14.4 వోల్టులదైనా ఛార్జింగ్‌లో అంతకంటే పెరుగుతుంది. అందుకే మధ్యలో వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్ ఉండి తీరాలి. మల్టీమీటర్ పెట్టి దాని అవుట్‌పుట్‌ను 5 వోల్టులకు తిప్పుకున్నాకే బోర్డు విన్ (కరెంటు తీసుకునే) పిన్నుకు కలపండి. ఈ ఒక్క పనిలో తొందర పడకండి, బతిమాలి చెబుతున్నాను.

రూంబా నుంచి బోర్డుకు సమాచారం పంపే 4వ పిన్ను సిగ్నల్ కూడా 5 వోల్టులే, బోర్డుది 3.3. ఈ తేడాను సరిచేసే లెవెల్ షిఫ్టర్ పెట్టండి. 6వ పిన్ను గ్రౌండ్.

మిగతాదంతా కోడే. బోర్డుకూ రూంబాకూ మధ్య డేటా వెళ్లే (సీరియల్) వేగం 115200 బాడ్. ఆదేశాలన్నీ అంకెలే: వినడం మొదలుపెట్టమని ముందు 128 పంపాలి. తర్వాత 135 పంపితే ఊడుస్తుంది, 143 పంపితే ఛార్జింగ్ డాక్ వెతుక్కుంటుంది. ఊరికే వదిలేస్తే 5 నిమిషాల్లో నిద్రపోతుంది. అలా పడుకోకుండా నిమిషానికోసారి 5వ పిన్నును ఒక సెకను గ్రౌండ్‌కు లాగుతుండండి.