మా బాబు ఎవరితోనూ కలవడం లేదు. కలుపుగోలుతనం నేర్పితే వస్తుందా?

మూడో తరగతి చదువుతున్న బాబు. హైదరాబాద్ నుంచి అమలాపురం దగ్గర మీ అత్తగారి ఊరికి వచ్చి ఆరు నెలలైంది. సాయంత్రం వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే గేటు పట్టుకుని చూస్తాడు, పంపిస్తే పది నిమిషాల్లో ఏడుస్తూ తిరిగొస్తాడు. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేర్పించాలా, డాక్టరుకి చూపించాలా, స్కూలు మార్చాలా అని అడిగారు. మీ ప్రశ్న చదివినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉందండి. మా అబ్బాయి కూడా అలాగే నిలబడ్డాడు ఒకప్పుడు.

నేను కోనసీమలో మండల పరిషత్ స్కూల్లో టీచర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. రాజమండ్రి వైపు నుంచి బదిలీ మీద ఈ ఊరు వచ్చినప్పుడు మా వాడికి ఎనిమిదేళ్లు. మా ఇంటి వెనక కోతలైపోయిన చేలో పిల్లలు కొబ్బరి మట్ట బ్యాటుతో క్రికెట్ ఆడేవారు. మా వాడు వెళ్తూనే "మా రాజమండ్రిలో ఇలా ఆడరు, మా ఇంట్లో నిజం బ్యాటుంది, అది అవుట్ కాదు" అనేవాడు. వాళ్లు ఒక్క క్షణం వాడి ముఖం చూసి, మళ్లీ వాళ్ల ఆటలో వాళ్లు పడిపోయేవారు.

నేను ముందు చేసిన పని, ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి "మా వాణ్ని కూడా కలుపుకోమని చెప్పండమ్మా" అనడం. టీచరమ్మ వచ్చి అడిగింది కదా అని రెండు రోజులు కలుపుకున్నారు. మూడో రోజు ఆట ఇంకో చేలోకి మారిపోయింది. ఆ తర్వాత వేసవి సెలవుల్లో టౌన్లో ఒక పర్సనాలిటీ క్లాసులో చేర్పించాను. నెల రోజులు మైకు ముందు నిలబెట్టి తన గురించి తాను గడగడా చెప్పుకోవడం నేర్పారు. వాడు బాగానే నేర్చుకున్నాడు. ఊరికొచ్చాక ఆట దగ్గరికి వెళ్లి ఇంకాస్త గట్టిగా తన గురించే చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు భయం వేసింది. డబ్బు పోయినందుకు కాదు, వాడికి ఏం తక్కువైందో నాకు అర్థం కాలేదని తెలిసి.

తర్వాత ఒక ట్రైనింగులో మా రిసోర్స్ పర్సన్ చెప్పిన ఒక పరిశోధనతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. 1981లో అమెరికాలో మార్తా పుటల్లాజ్, జాన్ గాట్‌మన్ అనే ఇద్దరు రెండు, మూడు తరగతుల పిల్లల్ని గమనించారు. ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్న చోటికి మూడో బిడ్డను పంపి, ఆ బిడ్డ ఎలా కలుస్తుందో చూశారు. తోటి పిల్లలు ఇష్టపడే పిల్లలు, అక్కడ ఏం జరుగుతోందో దాన్ని పట్టుకుని, ఆ ఆటకు పనికొచ్చే మాటే మాట్లాడారు. తోటివాళ్లు అంతగా ఇష్టపడని పిల్లలు మాత్రం తమ గురించి చెప్పుకున్నారు, తమకేది నచ్చుతుందో చెప్పారు, ప్రశ్నలు వేశారు, "అలా కాదు" అన్నారు. వాళ్ల మాట చాలాసార్లు ఎవరూ చెవిన పెట్టలేదు. అచ్చం మా వాడే!

అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. అందరూ ఇష్టపడే పిల్లలకు కూడా దాదాపు నాలుగుసార్లలో ఒకసారి ఆటలో చోటు దొరకలేదు. ఈ ఒక్క మాట మీ బాబుకి ఈ రోజే చెప్పండి. "నన్ను వద్దన్నారు" అని ఏడ్చే పిల్లవాడు, లోకంలో అలా జరిగేది తనకొక్కడికే అనుకుంటాడు.

ఆ చేను పక్కనే పంట బోదె, అంటే చిన్న కాలువ, ఉండేది. బంతి బోదెలో పడితే ఎవరో ఒకరు దిగి తేవాలి. ఎవరికీ ఇష్టం లేని పని అది. మా వాడితో ఇలా అన్నాను: "రేపు వెళ్లి ఏమీ అనకు నాన్నా. బోదె పక్కన నిలబడు. ఎవరు బ్యాటింగో, ఎవరిది ఏ జట్టో చూడు. బంతి నీ వైపు వస్తే తీసివ్వు. ఎవరైనా బాగా కొడితే బాగా కొట్టావురా అను. అంతే." మొదటి రోజు ఎవరూ పలకరించలేదు. రెండో రోజు బంతి నాలుగుసార్లు తెచ్చిచ్చాడట. ఆ వారం చివర్లో ఒక పిల్లవాడు "ఒరేయ్, మా వైపు ఒకడు తక్కువయ్యాడు, వస్తావా?" అన్నాడు. ఆ రాత్రి వాడు కాళ్లకు బురద కడుక్కోకుండానే నిద్రపోయాడు. నేను కూడా లేపలేదు.

రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. ఇవాళ ఏం జరిగింది, నువ్వేమన్నావు, అప్పుడు వాడేం చేశాడు, రేపు ఇంకోలా చేసి చూద్దామా. తిట్టడం లేదు, పాఠం చెప్పడం లేదు. ఇదీ నా సొంత తెలివి కాదు. 1977లో షెర్రీ ఓడెన్, స్టీవెన్ ఆషర్ అనే పరిశోధకులు మూడు, నాలుగు తరగతుల్లో ఒంటరిగా ఉండే పిల్లలకు ఇదే చేశారు. ముందు నాలుగు విషయాలు చెప్పారు: ఆటలో పాల్గొనడం, వంతులు పంచుకోవడం, ఎదుటివాడితో మాట్లాడుతూ వాడు చెప్పేది కూడా వినడం, మెచ్చుకోవడం. తర్వాత ఒక తోటి పిల్లవాడితో ఆడించి, ఆట అయ్యాక ఎలా జరిగిందో కూర్చుని మాట్లాడారు. ఊరికే ఆడనిచ్చిన పిల్లల్లో అంత మార్పు రాలేదు. ఇలా నేర్పిన పిల్లలతో ఆడటానికి తోటివాళ్లు ఎక్కువ ఇష్టపడ్డారు. ఏడాది తర్వాత చూసినా ఆ మార్పు పోలేదు, ఇంకా పెరిగింది. "వదిలేయండి, పిల్లలు వాళ్లే కలిసిపోతారు" అనే పెద్దవాళ్ల మాట కొందరు పిల్లల విషయంలో నిజం కాదని నేను నమ్మేది ఇందుకే.

మీరు ముందు చేయవలసిన పని ఒకటుంది. అరుగు మీద కూర్చుని నాలుగు సాయంత్రాలు చూడండి. మీ బాబు ఎవరి కంటా పడకుండా ఉండిపోతున్నాడా, లేక వెళ్లి ఏదో అని గొడవై తిరిగొస్తున్నాడా? ఈ రెండూ వేరు. 1982లో కోయి, డాడ్జ్, కొపొటెల్లి అనేవాళ్లు పిల్లల్నే "నీకెవరంటే ఇష్టం, ఎవరంటే ఇష్టం లేదు" అని అడిగి ఈ తేడా చూపించారు. ఎవరూ పట్టించుకోని పిల్లలు కొత్త జట్టు దొరికితే చాలావరకు మారతారు. తోటివాళ్లు కావాలని దూరం పెట్టే పిల్లలకు ఆ ముద్ర ఏళ్ల తరబడి ఉండిపోతుంది, వాళ్లకు నేర్పాల్సిందే. ఏడుస్తూ తిరిగొస్తున్నాడంటే రెండోదేమో అని నాకు అనిపిస్తోంది గానీ, చూడందే చెప్పకూడదు. ఇక పుట్టుకతోనే నెమ్మదస్తులైన పిల్లలుంటారు, ఒక్క స్నేహితుడితో హాయిగా ఉంటారు. వాళ్లని పదిమందిలోకి తోయకండి. మంచి స్నేహితుడు ఒక్కడున్నా మిగతావాళ్లు ఏడిపించడం వల్ల కలిగే నష్టం తగ్గుతుందని 1999లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది.

స్కూల్లో ఏం చేయొచ్చో కూడా చెప్తాను, మీ బాబు టీచరుగారితో మాట్లాడటానికి పనికొస్తుంది. నా ఐదో తరగతిలో గోదావరి మధ్య ఉన్న లంక ఊరి నుంచి పడవ మీద వచ్చే అబ్బాయి ఉండేవాడు. వాళ్లమ్మ కువైట్‌లో, వాడు తాతయ్య దగ్గర. ఏడాది మొత్తం మీద వాడి గొంతు నేను పదిసార్లు విని ఉంటాను. మా క్లాసులో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలన్నది కూడా ఊళ్లో పెద్దవాళ్లు గీసిన గీతల ప్రకారమే ఉండేది, అది నాకు ఎప్పుడూ బాధే. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, నల్ల, తెల్ల పిల్లల్ని అప్పుడే ఒకే బడిలో కూర్చోబెట్టి గొడవలవుతున్నప్పుడు, ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు ఒక పద్ధతి పెట్టారు. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఎవరి ముక్క వాళ్లే నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. కాబట్టి ఎవరి మాటనీ తోసిపుచ్చడానికి వీల్లేదు.

నేను గోదావరి పాఠం అలా పంచాను. ఒకరికి ధవళేశ్వరం ఆనకట్ట, ఒకరికి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు, ఒకరికి పంటలు. ఆ అబ్బాయికి వరద. వాడు లేచి నిలబడి చాలాసేపు నేల చూశాడు. జట్టులో పిల్లలు నవ్వబోతుంటే "వాడు చెప్పకపోతే ఆ ప్రశ్నకు మీకే మార్కులు పోతాయి" అన్నాను. అప్పుడు ఒక అమ్మాయి మెల్లగా "మీ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా?" అని అడిగింది. ఇక వాడు మొదలుపెట్టాడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, తాతయ్య అప్పుడే గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలేస్తాడు. 13.75కి రెండోది, అప్పటికి సామాను అటక మీద. 17.75కి మూడోది, అప్పుడు పడవ తప్ప దారి లేదు. పుస్తకంలో లేని సంగతులన్నీ చెప్పాడు. మధ్యాహ్న భోజనం దగ్గర ఆ జట్టు మొత్తం వాడి చుట్టూ కూర్చుంది. తర్వాత రోజూ మాట్లాడాడని చెప్పను, కానీ అడిగితే జవాబిచ్చేవాడు, అడిగేవాళ్లు ఉండేవారు.

క్లాసుల గురించి అడిగారు కదా. 2011లో డర్లాక్ అనే పరిశోధకుడి బృందం, పిల్లలకు నలుగురితో మెలగడం నేర్పే 213 స్కూలు కార్యక్రమాలను, 2,70,034 మంది పిల్లల వివరాలను కలిపి చూసింది. ఇలాంటి నైపుణ్యాలు నేర్చుకున్న పిల్లలు చదువులో కూడా ముందుకొచ్చారు, వందమందిలో 50 మందిని దాటగలిగే పిల్లవాడు 61 మందిని దాటినంతగా. కానీ చదువులో ఆ లాభం బాగా కనిపించింది స్కూలు వాళ్లే నేర్పినచోట. క్రమంగా, చేయిస్తూ నేర్పినవే ఎక్కువగా పనిచేశాయి. అందుకే బయటి క్లాసుకి కట్టే డబ్బు దాచుకోండి, టీచరుగారిని కలవండి.

ఫోను గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. 2014లో ఆరో తరగతి పిల్లలు ఐదు రోజులు ఫోన్లు, టీవీలు లేకుండా క్యాంపులో గడిపాక, ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పసిగట్టడంలో, ఎప్పటిలాగే ఫోన్లు, టీవీలు చూస్తూ ఉన్న పిల్లల కన్నా ఎక్కువ మెరుగయ్యారని తేలింది. ఆటల వేళ ఫోను బీరువాలో పెట్టండి.

డాక్టరు విషయం. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, మాట ఆలస్యంగా రావడం, ఒకే పని గంటల తరబడి చేయడం, వచ్చిన మాటలు పోవడం, ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకండి. వినికిడి పరీక్ష మాత్రం ఎలాగైనా చేయించండి. సరిగ్గా వినపడక వెనకబడిన పిల్లల్ని నేను చూశాను. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచర్లు దారి చూపిస్తారు.

స్కూలు ఇప్పుడే మార్చకండి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. వీధిలో వాడికి కాస్త దగ్గరగా అనిపించే పిల్లవాణ్ని ఒక్కణ్నే, ఆదివారం మీ ఇంటికి పిలవండి. ముందు రోజే మీ వాడితో కూర్చుని, వస్తే ఏం ఆడాలి, ఏ బొమ్మ ఇవ్వడం ఇష్టం లేదు, అది దాచేద్దామా అని మాట్లాడుకోండి. గంట చాలు. ఇద్దరికీ నాలుగు జంతికలు పెట్టండి, ఆట మొదలవగానే మీరు వంటింట్లోకి వెళ్లిపోండి.