ఎయిర్‌బ్రష్‌కి ట్యాంక్ ఉన్న కంప్రెసరే తీసుకోండి

ఎయిర్‌బ్రష్‌కి (గాలితో రంగు చల్లే పెన్ను లాంటి పరికరం) ట్యాంక్ లేని చిన్న కంప్రెసర్ వాడితే సన్న గీతలు వణుకుతున్నాయనీ, మధ్యమధ్య నీటి చుక్కలు పడుతున్నాయనీ రాశారు కదా. లోపం మీ చేతిది కాదండీ. పిస్టన్ కొట్టినప్పుడల్లా గాలి అలలుగా వస్తుంది. ట్యాంక్ ఉంటే ఆ ఊపు అందులోనే సర్దుకుంటుంది. మీ పనికి 3 లీటర్లది చాలు. అది నిండగానే మోటారు ఆగిపోయే రకం చూసుకోండి, అంతగా వేడెక్కదు.

ఇక నీళ్లంటారా, నొక్కుడుపడి వేడెక్కిన గాలి ట్యూబులో చల్లారేటప్పుడు అందులోని తేమే చుక్కలవుతుంది. అందుకే గాలి ప్రెషర్‌ని సర్దే రెగ్యులేటర్‌తో పాటు, తేమను పట్టి ఆపే మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి. సన్న పనికి మామూలుగా 15–25 పీఎస్‌ఐ (గాలి ప్రెషర్ కొలత) సరిపోతుంది. ఆ ప్రెషర్ కూడా ట్రిగ్గర్ నొక్కి, గాలి వదులుతూనే సెట్ చేయండి. పనయ్యాక ట్యాంక్ అడుగున ఉన్న వాల్వ్ తిప్పి నీళ్లు తీసేయండి, లేదంటే లోపల తుప్పు పడుతుంది.